మోచేతి ఊయలకు లైసెన్సు

మంచి కబురు వచ్చే సమయానికి కొత్త కోడలు స్టూలెక్కి కర్టెన్ రాడ్డుకి రింగులు తొడుగుతోంది. స్టూలు కదలకుండా పట్టుకుంటానన్న వంకతో ఆమె భర్త ఆమె మడమలు పట్టుకుని నిలబడ్డాడు. స్టూలు నాలుగు కాళ్ళ మీద నిక్షేపంగా ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

కిటికీ గట్టు మీద ఫోను బుర్రుమంది.

"నీదే," అన్నాడతను.

"చూసి చెప్పు. నా చేతులు ఖాళీగా లేవు."

"నావి మాత్రం ఖాళీగా ఉన్నాయా?"

చివరికి ఒక మడమ వదిలి ఫోను అందుకున్నాడు. మొదటి వాక్యాలు లోపల చదువుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, వార్తలు చదివేవాడిలా నిటారుగా నిలబడి పైకి చదివాడు.

రాసింది ఎక్కడెక్కడో మరమ్మతు పనులు నేర్పే బడులు నడుపుతున్న ఒక సంస్థ. వాళ్ళ దగ్గర చేతులు వణికే జబ్బున్న ఒకామె గడియారాల పని నేర్చుకుంటోంది. వీళ్ళిద్దరూ ఇంటర్నెట్లో పెట్టిన 'మోచేతి ఊయల' డ్రాయింగులు చూసి, ఒకటి చేయించి ఆమెకిచ్చారు. నిన్న ఆమె గడియారం వెనక మూతకి స్క్రూ తనంతట తాను బిగించింది. ఉత్తరంతో పాటు ఫోటో ఉంది. ఫోటోలో ఆమె కెమెరా వైపు చూడటం లేదు, స్క్రూ వైపు చూస్తోంది.

"చదువు, ఇంకా చదువు," అంది కోడలు స్టూలు మీదనుంచే.

"ఈ ఊయలని మా బడులున్న ప్రతి ఊళ్ళోనూ చిన్న వర్క్‌షాపుల వాళ్ళ చేత చేయించి, అందరికీ అందే ధరకి అమ్మించాలని ఉంది. అయితే మీ పేజీలో 'వ్యాపారానికి వాడరాదు' అని ఉంది. దాన్ని ఎవరైనా చేసుకుని అమ్ముకోగల సరైన ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి మార్చగలరా? ఎల్లుండి మా సమావేశం. ఆలోగా మీ మాట తెలిస్తే..."

అతను ముగించేలోగా ఆమె స్టూలు మీదనుంచి దూకేసింది. దూకి అతని మెడ పట్టుకుని గిరగిరా తిరిగింది. సగం రింగులు తొడిగిన కర్టెను రాడ్డుతో సహా ఊడి వాళ్ళ నెత్తిన పడింది. లోపల, పసుపుపచ్చ పూల గుడ్డ కింద, ఇద్దరూ కాసేపు అలాగే ఉండిపోయారు. బాగానే ఉంది అక్కడ.

పక్కగదిలోంచి మామగారి గొంతు వినిపించింది. "ఏం పడింది?"

"కర్టెను, మామయ్యా."

"మీరు కాదు కదా. అయితే సరే."

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. జీవితమంతా కంటికి భూతద్దం తగిలించుకుని, చీమ కాలంత ముళ్ళని పట్టుకారుతో ఎత్తి పెట్టిన చెయ్యి. ఆ చెయ్యి కొన్నాళ్ళుగా వణకడం మొదలుపెట్టింది. పెళ్ళి మాటలకి ఈమె మొదటిసారి ఆ ఇంటికి వచ్చిననాడు, ఆయన కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగడం చూసింది. బల్ల మీద పనిముట్ల పెట్టెకి తాళం వేసి ఉంది. ఆమె పని చేసేది తలుపు బందులు తయారుచేసే కంపెనీలో. రోజంతా కీళ్ళు గీయడమే ఉద్యోగం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కాబోయే మొగుడి గురించి కలలు కనాల్సింది పోయి, కాబోయే మామగారి మోచెయ్యి గురించి ఆలోచిస్తూ కూర్చుంది.

అలా పుట్టింది ఊయల. మోచెయ్యి ఆనించుకునే ఒక దొప్ప, దాన్ని మోసే రెండు కీళ్ళ చెయ్యి, వెనక చిన్న తూనికబరువు. ఆమె గీసింది, అతను బరువుల లెక్క కట్టాడు. మొదట చేసిన ఊయల వణుకుని ఆపకపోగా దానితో కలిసి తనూ ఊగింది. అప్పుడు ఆదుకున్నది లేత్ బావ. ఆయన ఆమె భర్తకి అక్క మొగుడు, ఊరి చివర ఇనుము తిప్పి చెక్కే లేత్ షెడ్డు యజమాని. కీలులో ఒక చక్రం పెట్టి, దాని డబ్బాలో చిక్కటి నూనె నింపాడు. చెయ్యి నెమ్మదిగా జరిగితే ఆ నూనె దారి ఇస్తుంది, వణుకులాంటి కుదుపు వస్తే పట్టి ఉంచుతుంది. నూనె చక్రం పెట్టిన రోజు మామగారు పనిముట్ల పెట్టె తాళం తీశారు. ఆ రాత్రి ఇంట్లో ఆగిపోయి ఉన్న గోడ గడియారాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోగడం మొదలుపెట్టాయి.

పెళ్ళయిన వారంలోనే కొత్త దంపతులు ఆ డ్రాయింగుల్ని నలుగురూ చూసే చోట పెట్టేశారు. ఆ పేజీ నింపుతున్నప్పుడు అతని ఎడమ చెయ్యి ఆమె కుడిచేతిలో ఉంది. ఇద్దరికీ కలిపి రెండే చేతులు మిగిలాయి. దాంతో పని హడావిడిగా సాగింది. 'దీన్ని ఇతరులు ఎలా వాడుకోవచ్చు?' అన్న ప్రశ్న దగ్గరికి రాగానే, 'వ్యాపారానికి వాడరాదు' అన్న గడిలో ఆమె ఠక్కున టిక్కు పెట్టింది. మామయ్య చేతి వణుకు మీద ఎవరూ సొమ్ము చేసుకోకూడదు అంది. మాట ఎంత గొప్పగా వినిపించిందంటే, అతను ఆమె వేళ్ళు ఇంకాస్త గట్టిగా నొక్కాడు. అంతటితో లైసెన్సు వ్యవహారం ముగిసింది.

ఇప్పుడు ముగియలేదని తేలింది.

కర్టెన్ సంగతి తర్వాత చూసుకుందామని ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. పెళ్ళికి ఎవరో ఇచ్చిన కప్పుల సెట్టు అలమరలో అందంగా ఉంది. వీళ్ళు మాత్రం ఒకే కప్పులో తాగుతున్నారు. గిన్నెలు తోమే పని తగ్గుతుందని అతని వాదన.

"ఇంతకీ నా ప్రోగ్రాములకి వాడే లైసెన్సు ఒకటి ఉంది. కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చు," అన్నాడతను. అతను టికెట్ మిషన్లకి ప్రోగ్రాములు రాస్తాడు.

"అది ప్రోగ్రాముల కోసం రాసింది సారూ. మనది ఇనుమూ చెక్కా. డ్రాయింగు ఒకటి, దాన్ని చూసి చేసిన వస్తువు ఇంకొకటి. రెండింటి గురించీ చెప్పే లైసెన్సు కావాలి. వస్తువుల డిజైన్ల కోసమే రాసినవి ఉన్నాయి, చూశాను. మూడు రకాలు."

"చెప్పు ఇంజినీరూ."

"మొదటిది మేనమామ లాంటిది. తీసుకో, ఏమన్నా చేసుకో, నా పేరు మాత్రం చెరిపెయ్యకు అంటాడు."

"మంచివాడు."

"మూడోది మేనత్త. ఇస్తుంది. కానీ నువ్వు అందులో ఏం మార్చావు, దాన్ని దేనికి తగిలించావు, ఆ తగిలించినదాన్ని ఎలా చేశావు, అంతా నలుగురికీ తెరిచి చూపించాలి. అలా అయితేనే అమ్ముకోనిస్తుంది."

"మధ్యలోది?"

"మధ్యలోది పెద్దొదిన. నేనిచ్చినదాన్ని ఏం చేశావో చూపించు, నీ బీరువాలో ఇంకేముందో నాకక్కర్లేదు అంటుంది."

అతను కప్పు అందుకుని ఒక గుక్క తాగి మేనమామకే ఓటు వేశాడు. ఎంతమంది చేస్తే అంతమంది చేతులు నిలబడతాయి, షరతులు పెడితే సగం మంది భయపడి పోతారు అన్నాడు. ఆమె కప్పు లాక్కుని మేనత్త పక్షం చేరింది. ఏదో పెద్ద కంపెనీ వస్తుంది, కాస్త మెరుగుపరుస్తుంది, ఏం మెరుగుపరిచిందో చెప్పకుండా సీలు వేసి అమ్ముతుంది. రేపు మామయ్యకి అంతకంటే మంచి ఊయల కావాలంటే మనం గీసినదాన్ని మనమే వాళ్ళ దగ్గర కొనుక్కోవాలి అంది.

"దీన్ని బల్లకి బిగించి అమ్మేవాడు బల్ల డ్రాయింగు కూడా ఇవ్వాలా?"

"ఇస్తే ఏం పోయింది?"

"ఆ బల్ల వాడి తాతలనాటిదేమో."

"అయితే తాతగారి పేరు కూడా రాసుకోమను."

"ఇలా అయితే ఎవడూ చెయ్యడు."

"అలా అయితే ఎవడికీ తెలియదు."

గొంతులు కాస్త పెరిగాయి. పెళ్ళయ్యాక ఇదే మొదటి పోట్లాట అని ఇద్దరికీ ఒకేసారి తోచింది. తోచగానే ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ ముందు నవ్వినవాళ్ళు ఓడిపోయినట్టని ఆపుకున్నారు.

మామగారు నుదుటిమీదికి భూతద్దం జరుపుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. "ఆపకండి, బాగుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో పావురాలు దూరాయేమో అనుకున్నాను. ఇప్పుడు పెళ్ళయిన ఇల్లులా ఉంది. దేనిగురించి?"

చెప్పారు. ఫోటో చూపించారు. ఆయన ఫోటోని చాలాసేపు చూసి, "పట్టుకారు సరిగ్గానే పట్టుకుంది," అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త రాదు. తర్వాత, "ఎవరన్నా అడ్డదిడ్డంగా చేసి, అది ఊడి చెయ్యికి తగిలితే మనమీదికొస్తారా?" అని అడిగారు.

"రారు మామయ్యా. డిజైను ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, పూచీ మాది కాదు అని ఆ లైసెన్సుల్లోనే రాసి ఉంటుంది."

"మంచిది. నూనె చక్రం గురించి అల్లుడుగారు ఏమన్నారు?"

ఆమె కప్పు కింద పెట్టింది.

"ఆయన్ని అడిగారు కదా?" అన్నారు మామగారు.

అడగలేదు. అప్పుడు పేజీ పెట్టినప్పుడూ అడగలేదు. బావ మనవాడే కదా అనుకున్నారు. డిజైనులో చెయ్యి వేసిన ప్రతివాళ్ళూ ఒప్పుకుంటేనే లైసెన్సు మార్చాలని ఆమె ఇందాకే చదివింది. చదువుతున్నప్పుడు 'ప్రతివాళ్ళూ' అంటే నేనూ, నా పక్కనున్న ఈయనా అనుకుంది. నూనె చక్రం పూర్తిగా లేత్ బావది. అది తీసేస్తే మిగిలేది వణుకుతో కలిసి ఊగే ఊయలే.

"ఆదివారాలు రావడం మానేశాడు, గమనించారా?" అన్నారు మామగారు.

"షెడ్డులో పని ఎక్కువగా ఉందేమో నాన్నా."

"పని ఎక్కువైతే మీ అక్క ఫోనులో గొప్పలు చెప్పేది. పని లేదు. అలిగాడు. అల్లుడన్నాక అలుగుతాడనుకో, కానీ ఆయన ఊరికే అలిగే రకం కాదు. వెళ్ళి కనుక్కోండి."

షెడ్డుకి వెళ్ళే బస్సు నడిపేది లేత్ బావ భార్య, వదినగారే. అదృష్టం కొద్దీ మలుపు తిరిగి వచ్చిన బస్సులో డ్రైవరు సీట్లో ఆవిడే ఉంది, నల్ల కళ్ళద్దాలతో, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి. వీళ్ళిద్దరూ ముందు సీట్లో, ఆవిడ వెనకే కూర్చున్నారు.

"అక్కా, బావ ఎందుకలిగాడు?"

వదినగారు వెనక్కి తిరగకుండా బొటనవేలితో అద్దం పైన రాసి ఉన్న బోర్డు చూపించింది: 'బస్సు నడుచుచుండగా డ్రైవరుతో మాట్లాడరాదు.'

తర్వాతి స్టాపు వచ్చింది. జనం దిగుతున్నారు. "అలిగారని ఎవరన్నారు?" అంది వదినగారు అద్దంలోంచి చూస్తూ.

"నాన్న."

"నాన్నకి అన్నీ కనిపిస్తాయి." తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. బోర్డు మళ్ళీ అమల్లోకి వచ్చింది.

ఇద్దరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. ఇంకో స్టాపు. "కట్టుడు పళ్ళ సెట్లు చేసే ఆయన ఒకడు షెడ్డుకొచ్చాడు. చెయ్యి వణుకుతోందిట, ఊయల ఒకటి చేసిపెట్టమన్నాడు," అంది వదినగారు. ఒక పెద్దాయన టికెట్టు గురించి ఏదో అడిగాడు. ఆయనకి సమాధానం చెప్పేసరికి వెనక కారువాడు హారన్ కొట్టాడు. కదలక తప్పలేదు.

తర్వాతి స్టాపులో ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. అయినా ఆవిడ తలుపు తెరిచే ఉంచింది. "మీ అన్నయ్యగారు చెయ్యనని పంపించేశారు, మరదలా. ఆ తర్వాత ఉంగరాల మీద పేర్లు చెక్కే ఆవిడొచ్చింది. ఆవిడనీ పంపించేశారు."

"ఎందుకు వదినా?"

"అది వ్యాపారానికి కాదట, మా వాళ్ళు పేజీలో రాశారు, మా వాళ్ళ మాట నేను దాటను అన్నారు. బోల్టులు చేయించుకునే కంపెనీ ఊరు మారిపోయాక లేత్ సగం రోజులు గుడ్డ కప్పుకుని ఉంటోంది. అయినా సరే, దాటను అంటున్నారు. నేను చెప్పాను, వాళ్ళు చిన్నపిల్లలు, మీ గురించి రాసుండరు అని. చదివింది నేను కదా, తెలుగులోనే ఉంది అన్నారు." తలుపు మూసింది. "అడగండి. నేను చెప్పానని చెప్పొద్దు. చెప్పినా పర్వాలేదు."

కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. మామయ్య చేతిమీద ఎవరూ సొమ్ము చేసుకోకూడదు అని పెట్టిన ఆ టిక్కు, పోయి పోయి ఆ చేతిని నిలబెట్టిన మనిషి కంచం మీద పడింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకోగాని ఈసారి ఆమె మెల్లగా విడిపించుకుంది.

షెడ్డు తలుపు ఓరగా ఉంది. లోపల లేత్ మీద నిజంగానే గుడ్డ కప్పి ఉంది. నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. పని జరిగే షెడ్డులో ఇనుప చుట్టలు చెప్పులకి గుచ్చుకోవాలి. గోడకి కొలతల పనిముట్లు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా వేలాడుతున్నాయి. లేత్ బావ స్టూలు మీద కూర్చుని పాత ఫ్యాను మోటారు విప్పుతున్నాడు.

"రండి రండి. పెద్దవాళ్ళు, మాలాంటి వాళ్ళ షెడ్డుకి దయచేశారు. కూర్చోండి. అమ్మగారికి ఆ కుర్చీ వెయ్యి బావమరిదీ, స్టూలుకి నూనె మరకలుంటాయి."

ఎప్పుడూ 'ఏమ్మా చెల్లాయ్' అనే మనిషి. ఆ 'అమ్మగారు' ఆమెకి చెంప మీద తగిలింది. కుర్చీ వదిలేసి నూనె మరకల స్టూలు మీదే కూర్చుంది.

"అన్నయ్యగారూ, నేను తప్పు చేశాను."

"మీరా? ఏం తప్పు?"

"వ్యాపారానికి వాడరాదని పెట్టింది నేనే. మిమ్మల్ని అడగకుండా పెట్టాను. ఎవరో పెద్ద కంపెనీ వాళ్ళు ఎత్తుకుపోకూడదని. మీరు గుర్తుకు రాలేదు. నిజంగా రాలేదు. అదే తప్పు."

"రాసింది పాటించాను, అంతే. నేను చేసేది వ్యాపారం కాక మరేమిటి? ఊరికే తిప్పితే లేత్ తిరగదు కదా, కరెంటు కావాలి." మోటారు స్క్రూ ఒకటి మొండికేసింది. దాన్ని తిప్పుతూనే అన్నాడు, "ఆ పళ్ళ సెట్ల ఆయన బాగా బతిమాలాడు పాపం."

భర్త ముందుకు వచ్చాడు. "బావా, అది కాదు, మనది మనకి వర్తించదు. డిజైను మనదే కాబట్టి నువ్వు ఎప్పుడైనా..."

"ఆ ముక్క పేజీలో రాశావా?"

"లేదు."

"మరి నాకెలా తెలుస్తుంది? ఫోను చేసి చెప్పావా?"

"లేదు."

"కొత్త పెళ్ళికొడుకువి, తీరికుండదు. నేనూ అయ్యాను ఒకప్పుడు." అందులో కాస్త నవ్వు ఉన్నట్టు తోచింది గాని, మొహం చూస్తే లేదు.

ఆమె ఫోను తీసి ఉత్తరం ఆయనకి చదివి వినిపించింది. ఫోటో చూపించింది. తర్వాత మాట దాచకుండా చెప్పింది. "చక్రం మీది. మీరు ఊ అంటేనే లైసెన్సు మారుస్తాం. వద్దంటే వద్దు. చక్రం డ్రాయింగు పేజీలోంచి తీసేస్తాను, వాళ్ళకి కుదరదని ఈ రాత్రికే రాసేస్తాను. మీరు పైకి సరే అని లోపల బాధపడటం మాత్రం నాకొద్దు."

లేత్ బావ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. స్క్రూ వైపు చూస్తున్న ఆ మనిషిని చూస్తున్నాడో, మోచేతి కింద ఉన్న చక్రాన్ని చూస్తున్నాడో తెలియలేదు. తర్వాత లేచి, వెనక అలమరలోంచి ఏదో తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

అది నూనె చక్రమే. కానీ ఆయన చేసింది కాదు. మెరిసే నల్ల డబ్బా, మధ్యకి రంపంతో అడ్డంగా కోసి ఉంది. లోపల నూనె బదులు ఏదో మెత్తటి రబ్బరు పొరలు.

"ఎక్కడిది బావా?"

"చెక్కే ఆవిడ తెచ్చింది. ఎక్కడో కొనుక్కుందట. ఎవడో మన చక్రం చూసే చేశాడు, అంచు చూడు, అచ్చు నా అంచే. పనిచెయ్యడం లేదు, చూసిపెట్టమంది."

భర్త మొహం ఎర్రబడింది. "చూశావా, కాపీ కొట్టి అమ్ముతున్నాడు. వ్యాపారానికి వద్దని రాసి ఉన్నా."

"అమ్ముకోనీ, నాకేం?" అన్నాడు లేత్ బావ. "నాకు ఒళ్ళు మండింది దానికి కాదు. చుట్టూ అంటించేశాడు. ఒక్క స్క్రూ లేదు. లోపల ఏం పెట్టాడో చూద్దామంటే దారి లేదు. నూనె తీసి రబ్బరు ఎందుకు పెట్టాడు? ఎండకి తట్టుకుంటుందనా? చవకనా? నాకు రెండు రోజులు నిద్రలేదు. ఆవిడ సరే అన్నాక కోసేశాను. కోస్తే పొరలన్నీ కలిసిపోయి ముద్దయ్యాయి. ఏం ఆలోచించాడో ఇప్పటికీ తెలియదు. ఆలోచన మంచిదే అనిపిస్తోంది. చెడగొట్టుకున్నాడు."

కోడలు ఆ కోసిన డబ్బాని అటూ ఇటూ తిప్పింది. ఇంతసేపూ ఆమె అమ్ముకునేవాళ్ళ గురించి ఆలోచించింది, భర్త చేసుకునేవాళ్ళ గురించి ఆలోచించాడు. ఈ మనిషి మాత్రం లోపల ఏముందో చూడాలంటున్నాడు. చూడాలన్న ఈ ఆరాటం ఏ లైసెన్సు పేజీలోనూ ఆమెకి కనిపించలేదు.

"అన్నయ్యగారూ, ఒక మాట అడుగుతాను. ఎవరైనా మీ చక్రం చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మీరూ అమ్ముకోవచ్చు. కానీ ఎవరైనా చక్రాన్ని మార్చి అమ్మితే, ఏం మార్చారో ఆ డ్రాయింగు కూడా అందరికీ ఇవ్వాలి. మీకూ దొరుకుతుంది. అలా రాస్తే?"

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "ఇవ్వాలా? తప్పనిసరా?"

"లైసెన్సులో షరతు అది."

"రబ్బరు ఎందుకు పెట్టాడో కూడా?"

"ఎందుకో చెప్పక్కర్లేదు. ఎలా పెట్టాడో చూపించాలి."

"ఎలాగో చూపిస్తే ఎందుకో నాకు తెలిసిపోతుంది." ఆయన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళల్లో ఏదో వెలిగింది. "ఇది ఎక్కడో దూరంగా ఉన్నవాడికి కూడా వర్తిస్తుందా?"

"మన డిజైను తీసుకున్న ప్రతివాడికీ. ఎగ్గొట్టేవాళ్ళు ఉంటారనుకోండి. కానీ ఈ బడుల వాళ్ళలాంటి వాళ్ళు ఎగ్గొట్టరు."

"ఎన్ని ఊళ్ళల్లో బడులన్నావ్?"

ఆ 'అన్నావ్' వినగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. 'అన్నారు' కాదు. ఆమె మొగుడు కూడా విన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"చాలా ఊళ్ళు. ప్రతి ఊళ్ళోనూ మీలాంటి షెడ్డువాళ్ళే చేస్తారు."

"ఒక్కొక్కడూ ఒక్కోటి మారుస్తాడు," అన్నాడు లేత్ బావ, పెళ్ళి భోజనం గురించి చెప్పినట్టుగా. "చలి ఊరివాడు నూనె పల్చన చేస్తాడు. ఎండ ఊరివాడు చిక్కన చేస్తాడు. అన్నీ నేను చూడొచ్చు."

"మరి బల్లకి బిగించి అమ్మేవాడి సంగతేంటి బావా?" భర్త అసలు తగువు బయటపెట్టాడు. "ఈవిడ వాడి బల్ల డ్రాయింగు కూడా లాక్కుంటానంటోంది."

"లాక్కోను. తెరిచి చూపించమంటాను."

"బల్లతో మనకేం పని?" అన్నాడు లేత్ బావ. "బల్ల వాడిది, వాడిష్టం. మన ఊయలకి ఏం చేశాడో చూపిస్తే చాలు. ఇంకొకడి ఇంట్లోకి తొంగిచూస్తే మర్యాదగా ఉండదు."

ఆమె కాసేపు ఆలోచించింది. మేనత్తని వదులుకోవడం అంత తేలిక కాలేదు. బల్లవాడి మీద ఆమెకి ఇంకా అనుమానంగానే ఉంది. కానీ తను భయపడింది మామయ్య ఊయల మూసిన డబ్బాలోకి పోతుందని, బల్ల పోతుందని కాదు. ఇక భర్త కోరినట్టు ఊరికే వదిలేస్తే అంటించిన డబ్బాలు ఇంకా వస్తాయి.

"మధ్యలోది," అంది. "పెద్దొదిన."

"ఎవరు?" అన్నాడు లేత్ బావ.

చెప్పారు. ఆయన పడీ పడీ నవ్వాడు. "ఈ మాట మీ అక్కకి తెలియనివ్వకండి. ఈ కుటుంబంలో లైసెన్సు ఉన్నదాన్ని నేనొక్కదాన్నే అని ఇప్పటికే ఎగిరిపడుతుంది."

"నాకు సమ్మతమే," అన్నాడు భర్త. "కాస్త షరతుంటే ఉండనీ. అంటించిన డబ్బా చూశాక మేనమామ మీద మోజు తగ్గింది."

"అయితే మీరు ఊ అన్నట్టేనా అన్నయ్యగారూ?"

"ఊ. నా ఫోను ఎక్కడ?" అన్నాడాయన. ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. కిటికీ అవతల గొంతు పెద్దగా వినిపించింది. "ఆ, నేనే. ఊయల. చేస్తాను. అప్పుడు కుదర్లేదు, ఇప్పుడు కుదిరింది. ఏం లేదండీ, మా చెల్లెలు లైసెన్సు మార్పించింది... లేదు లేదు, బండి లైసెన్సు కాదు..."

ఆ పళ్ళ సెట్ల ఆయనకి లైసెన్సుల రకాలు వివరిస్తున్న బావ గొంతు వింటూ, లోపల కొత్త దంపతులు లేత్ మీది గుడ్డ చెరోవైపు పట్టుకుని మడతపెట్టారు. మడత మధ్యలో వేళ్ళు తగిలాయి. గుడ్డకి గ్రీజు అంటి ఉంది, ఇద్దరి చేతులూ నల్లబడ్డాయి. అది కూడా చాలా బాగుందనిపించింది వాళ్ళకి.

లేత్ బావ తిరిగి వచ్చేసరికి ఆమె తన డ్రాయింగులు ఫోనులో తెరిచి చూసుకుంటోంది. మొహంలో మళ్ళీ గుబులు కనిపించింది.

"ఇప్పుడేమైంది చెల్లాయ్?"

"మనం కూడా అదే షరతుకి నిలబడాలి కదా. ఇంకొకడు చూసి చేసుకునేలా అంతా ఇవ్వాలి. చక్రం దగ్గర నేను ఒక బాణం గీసి 'ఇక్కడ నూనె' అని రాశాను. అంతే రాశాను."

ఆయన ఫోను తీసుకుని చూశాడు. నిజంగానే బాణం, దాని చివర 'ఇక్కడ నూనె'. "ఇదేం డ్రాయింగమ్మా, దీపం పెట్టే చోటు చూపించినట్టుంది. ఎంత పొయ్యాలి? ఏ నూనె? గాలి బుడగ మిగిలితే మళ్ళీ ఊగుతుంది. నేను డబ్బాని వెచ్చబెట్టి, ఏటవాలుగా పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతాను. అదెక్కడ రాశారు?"

"మీరెప్పుడూ చెప్పలేదు."

"మీరెప్పుడూ అడగలేదు." అని, ఈసారి నిజంగానే నవ్వాడు. "నాకు కూడా మాటల్లో చెప్పడం రాదులే. చేతికి తెలుసు, నోటికి తెలియదు."

"అంటే మనం కూడా అంటించిన డబ్బానే ఇచ్చామన్నమాట," అన్నాడు భర్త.

బయట బస్సు ఆగిన చప్పుడైంది. వదినగారు ఆఖరి ట్రిప్పు ముగించుకుని, నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకుని, గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసింది. ముందు తన మొగుడి మొహం చూసింది, తర్వాత గుడ్డ తీసిన లేత్ చూసింది, తర్వాత మరదలి నల్లబడ్డ చేతులు చూసింది. ఏమీ అడగకుండానే చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"ఏం తేల్చారు?"

"తేలాల్సింది తేలింది," అన్నాడు లేత్ బావ, గోడకున్న కొలత పనిముట్లలోంచి ఒకటి తీసి జేబులో పెట్టుకుంటూ. "వాళ్ళ సమావేశం ఎల్లుండే కదా, రేపు పొద్దున్నే అందరూ ఇక్కడికి రండి, మామగారిని కూడా తీసుకురండి. ఇనుప ముక్క దగ్గర్నుంచి మొదలుపెట్టి చక్రం ఒకటి కొత్తగా చేస్తాను, నూనె పోసి మూత బిగించేదాకా. బావమరిది వీడియో తీస్తాడు, మీ వదిన నేనెక్కడ తొందరపడ్డా ఆపుతుంది. చెల్లాయ్, నువ్వు నా పక్కనే కూర్చుని, నా చెయ్యి ఏం చేస్తే అది గీసుకో."